ప్యాకెట్టు మీద మా అత్త

అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. ఆ సామెత పుట్టించినవాళ్ళు మా అత్తను చూసి ఉండరు. నన్నూ చూసి ఉండరు లెండి. పెళ్ళయి కమలాపురం వచ్చిన మొదటి ఏడాది మేమిద్దరం వాదులాడుకోని రోజు లేదు. నేను నంద్యాల పిల్లను, మాట పడను. ఆమె అంగట్లో పెరిగిన మనిషి, ఎదుటివాళ్ళకు మాట మిగలనివ్వదు. అయినా ఈ రోజు ఎవరైనా "ఏమ్మా శ్రీవాసవీ, మీ అత్త ఎట్లాంటిది?" అని అడిగితే తల ఎత్తుకుని చెప్తాను. అడగకపోయినా చెప్తాను. ఇప్పుడు మీకు చెప్తున్నట్టు.

మా అత్త పేరు రాజ్యలక్ష్మమ్మ. ఊరంతా రాజ్యమ్మ అంటుంది. పొట్టి మనిషి, రెండు ముక్కుపుడకలు, పావలా కాసంత బొట్టు. మా మామ సుబ్బన్నకు కమలాపురం అంగడివీధిలో కిరాణా అంగడి ఉంది. మామ నోట్లో నాలుక లేని మనిషి. గిరాకీ వస్తే త్రాసు వైపు చూస్తాడు గాని మనిషి వైపు చూడడు. అంగడి నడిచిందంతా అత్త నోటి మీద, ఆమె చేతి పప్పుల పొడి మీద.

పప్పుల పొడి అంటే మా సీమ వాళ్ళకు చెప్పక్కర్లేదు. పుట్నాల పప్పులు, ఎండుకొబ్బరి, తెల్లగడ్డలు, ఉప్పు, ఎండుమిరపకాయలు. బొరుగుల ఉగ్గాని మీద చల్లుకుంటారు, జొన్నరొట్టెకు అద్దుకుంటారు, ఇంట్లో కూర లేని రోజున అన్నంలో కలుపుకుని కడుపు నింపుకుంటారు. ఈ పొడి లేని ఇల్లుండదు, తన పొడే గొప్పదనని ఇల్లాలూ ఉండదు. అట్లాంటి చోట పొడితో పేరు తెచ్చుకోవడం అంటే మాటలు కాదు. మా అత్త తెచ్చుకుంది. కడప పోయే కార్లు మా అంగడి ముందు ఆగేవి. ఎరుపు కోసం ఆమె బ్యాడిగి మిరపకాయ తప్ప వేయదు. రేటు ఎంత పెరిగినా సరే. "ఆ కాయకు రంగెక్కువ, కారం తక్కువ. కంటికీ బాగుంటాది, కడుపుకూ బాగుంటాది" అనేది.

ఇంకొక పద్ధతి ఉంది. అది మా అత్త వాళ్ళ అత్త నుంచి వచ్చింది. పొడి దంచిన ప్రతిసారీ, అంగట్లోకి పోకముందు, తొలి ముద్ద దంచినామె తినాలి. అది కూడా చాటుగా కాదు, అంగడి అరుగు మీద కూర్చుని, దారిన పోయేవాళ్ళు చూస్తుండగా. వేడన్నంలో పొడి, కాస్త వేరుశనగ బుడ్డల నూనె వేసి, కలిపి, ముద్ద చేసి తినేది. "మనం తినంది మందికి పెట్టగూడదు" అనేది ఆ పద్ధతి వెనకున్న మాట. కొత్తలో నాకు ఇదంతా నాటకంలా అనిపించేది. ఒకసారి అన్నాను కూడా. "నాటకమే అనుకోలే. నాటకమైనా తినేది నేనే గదా" అంది.

నాగచైతన్య మా ఇంటికి వచ్చింది ఆ పొడి రుచి చూసే. అత్త వైపు దూరపు చుట్టం, మేనమామ తోడల్లుడి కొడుకో ఏదో వరస. హైదరాబాదులో చదివి, అక్కడే ఆహార సరుకుల కంపెనీ పెట్టాడు. కర్నూలు పక్కన హైవే మీద ఫ్యాక్టరీ. తెల్ల చొక్కా, నున్నటి మాట, నోరు తెరిస్తే "పెద్దమ్మా". "పెద్దమ్మా, నీ చేతి పొడి కమలాపురానికే ఎందుకు? నీ పేరు, నీ ఫోటో వేసి రాష్ట్రమంతా అమ్ముతాను. పేరు నీ పేరు మీదే రిజిస్టరు చేయిస్తాను. పదేళ్ళు నేను వాడుకుంటాను. అమ్మిన ప్రతి ప్యాకెట్టు మీదా నీకు భాగం" అన్నాడు.

మనోడు, మన కులపోడు, మన వరసపోడు. ఇంకేం కావాలి మా వాళ్ళకు? పరాయివాడైతే పది మందిని అడిగేవాళ్ళు. మామ పంచాంగం తీసి శుక్రవారం పొద్దున్నే మంచి ఘడియ చూశాడు. ఆ శుక్రవారం నాగచైతన్య కారు దారిలో ఆలస్యమైంది. వచ్చేసరికి రాహుకాలం ముంచుకొస్తోంది. కాగితాలేమో ఇంత మందం. నా మొగుడు మురళి "ఒకసారి చదవనీ నాయనా" అన్నాడు. జన్మలో నోరెత్తని మా మామ ఆ రోజే ఎత్తాడు. "చదువుతా కూసుంటే రాహుకాలం వస్తాది. సంతకం చెయ్ రాజ్యం!" అత్త గబగబా పేజీపేజీకీ సంతకం పెట్టింది. పంచాంగం చూసుకున్నారు గాని పత్రం చూసుకోలేదు.

"పేరు అమ్మలేదు లేవే. అద్దెకిచ్చినా, అంతే. ఇల్లు అద్దెకియ్యమా?" అంది నాతో. తొలి ముద్ద సంగతి మాత్రం ఆమె మర్చిపోలేదు. ప్రతి నెలా కొత్త సరుకు నుంచి కొంచెం పంపాలని నాగచైతన్యతో ఒట్టు వేయించుకుంది. నెలనెలా కొరియరు వచ్చేది. ఆమె అరుగు మీద కూర్చుని తినేది. ఒకసారి ఉప్పు ఎక్కువైందని ఫోన్ చేసి చీవాట్లు పెట్టింది. "సరే పెద్దమ్మా, మార్పిస్తా" అన్నాడు. నిజంగానే మరుసటి నెల ఉప్పు తగ్గింది.

మూడు నాలుగేళ్ళలో మా అత్త మొహం చూడని ఊరు లేకుండా పోయింది. మహానంది గుడి ముందు అంగళ్ళలో, అహోబిలం బస్టాండులో, ఆదోని హోటళ్ళలో, అన్నిచోట్లా రెండు ముక్కుపుడకల రాజ్యమ్మ. ఒకసారి బస్సు వెనకాల అంత పెద్ద ఫోటో వేశారు. మేం కడప పోతుంటే ఆ బస్సు మా ఆటో ముందే పోతోంది. అత్త సిగ్గుపడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "ఎవరన్నా చూస్తారు వాసవీ" అంటుంది. నేను పడీపడీ నవ్వాను. నెలనెలా వచ్చే డబ్బు చూసి మురళి కడప రోడ్డు మీద కొత్త అంగడి కట్టడానికి బ్యాంకులో అప్పు తీసుకున్నాడు. ఇల్లు పూచీ పెట్టాడు.

ఆ తర్వాత కడపలో ఒక అంగట్లో అధికారులు శాంపిల్ తీశారు. పరీక్షలో రాజ్యమ్మ పొడిలో తినకూడని ఎర్ర రంగు బయటపడింది. బట్టలకు వేసేలాంటి రంగు. సాయంత్రానికి అందరి ఫోన్లలో మా అత్త ఫోటో, దాని మీద ఎర్రటి ఇంటూ గుర్తు, కింద "ఈమె మొహం చూసి మోసపోవద్దు" అని. పక్కింటి కొడుకు దాన్ని మా మురళికే పంపాడు, ఎవరికి పంపుతున్నాడో చూసుకోకుండా.

అత్త ఏడవలేదు. మురళిని పంపి కడప అంగట్లో నుంచి ఒక ప్యాకెట్టు తెప్పించింది. గాజు గ్లాసులో నీళ్ళు పోసి పైన చిటికెడు పొడి చల్లింది. ఎర్రటి తీగలు సాగుతూ కిందికి దిగాయి. తర్వాత కంపెనీ నుంచి కొరియరులో వచ్చిన పొడి తీసి ఇంకో గ్లాసులో చల్లింది. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

"నాకొక పొడి, మందికొక పొడి" అంది. అంతే అంది. అంత మెత్తగా ఆమె మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నాకు భయమేసింది.

గోరుచుట్టు మీద రోకలిపోటు అన్నట్టు ఆ నెలలోనే నోటీసులు మొదలయ్యాయి. ప్రభుత్వం వాళ్ళు కంపెనీకి, అమ్మిన అంగడికి, పేరు సొంతదారని మా అత్తకు కూడా పంపారు. బ్యాంకు వాళ్ళు కంతులు ఏమయ్యాయని అడిగారు. కంపెనీ పంపింది అన్నిటికన్నా ఘనమైనది. పేరు చెడిపోయింది కాబట్టి ఇక భాగం ఇవ్వరట. పైగా పొడి ఎర్రగా ఉండాలని పట్టుబట్టింది మా అత్తేనట, కాబట్టి నష్టానికి ఆమెదే బాధ్యతట! బ్యాడిగి కాయ వేయమని చెప్పిన మనిషి, రంగు వేయమని చెప్పినట్టు చేశారు. ఆ కాగితం చదివినప్పుడు నాకొచ్చిన కోపానికి నాగచైతన్య ఎదురుగా లేకపోవడం వాడి అదృష్టం.

అదృష్టం ఎక్కువ కాలం నిలవలేదు, వాడే వచ్చాడు. పండ్లు, స్వీటు డబ్బాతో సహా.

"పెద్దమ్మా, ఆ నోటీసు మా లాయర్లు పంపింది, మనసులో పెట్టుకోవద్దు. దీనికొక దారి ఉంది. మార్కెట్లో తిరుగుతున్న ఆ సరుకు మాది కాదు, ఎవరో నీ పేరుతో దొంగ ప్యాకెట్లు కొడుతున్నారు అని నువ్వు పోలీసులకు ఒక ఫిర్యాదు ఇయ్యి. పేరు సొంతదారు నువ్వు కాబట్టి నీ మాటకు విలువ ఉంటుంది. కేసు చప్పబడుతుంది. ఆపిన డబ్బంతా ఇస్తాను, మళ్ళీ నెలనెలా పంపిస్తాను."

మురళి గోడ వైపు చూస్తున్నాడు, ఆ గోడే గదా పూచీ. చివరికి "అమ్మా, ఇల్లు పోతాది" అన్నాడు మెల్లగా. మామ తల ఊపాడు. నన్నెవరూ అడగలేదు. అడగకుండానే అన్నాను. "అత్తా, దొంగ ప్యాకెట్లని రాస్తే, రేపు ఎవరి బిడ్డో ఆ పొడి తింటాడు. నీ ఫోటో చూసే తింటాడు."

అత్త నా వైపు ఒకసారి చూసింది. తర్వాత స్వీటు డబ్బా తీసి నాగచైతన్య చేతిలో పెట్టింది.

"నాయనా, నా ఇల్లు పోయినా ఈ ఊర్లో ఎవరో ఒకరు అద్దెకిస్తారు. నా పేరు పోతే ఎవరిస్తారు? పో. నా పేరు నాకు వాపస్ ఇచ్చేదాకా నీతో మాటల్లేవు."

ఆ మాటతో మా ఇంట్లో అసలు సమస్య ఏమిటో తేలిపోయింది. డబ్బు కాదు, బ్యాంకు కాదు. పదేళ్ళకు రాసిచ్చిన పేరును మధ్యలో వెనక్కి తెచ్చుకోవాలి, తెచ్చుకున్నాక దాని మురికి కడగాలి.

కడపలో యామిని అనే లాయరమ్మ దగ్గరికి పోయాం. పొలాలున్న ఇంటి పిల్ల, పులివెందుల దారిలో ఏదో ఊరు. కోర్టులో ఆమె లేస్తే ఎదుటి లాయర్లు నీళ్ళు తాగుతారని విన్నాం. కాగితాలన్నీ ఓపిగ్గా చదివి, కళ్ళద్దాలు తీసి పెట్టింది.

"అమ్మా, ఇందులో మీకు మంచి హక్కే రాసినారు. ఎప్పుడంటే అప్పుడు, చెప్పకుండా ఫ్యాక్టరీలోకి పోయి సరుకు చూడొచ్చని. మీరు ఒక్కసారన్నా పోయినారా?"

"కొరియరులో పంపింది తింటాంటి పాపా."

"వాళ్ళు పంపింది గాదమ్మా, వాళ్ళు అమ్మేది చూడాల. పేరు అద్దెకిచ్చినోళ్ళు సరుకును కనిపెట్టుకొని ఉండాల. లేకుంటే ఆ పేరుకు విలువ లేదంటాది చట్టం. ఈ హక్కు ఉండేది మీకు తెలీదా?"

మామ నేల చూపులు చూశాడు. అత్త "తెలీదు. చదవలేదు. అది నా తప్పే, రాహుకాలంది గాదు" అంది. మా మామకు అంతకన్నా పెద్ద శిక్ష ఇంకొకటి లేదు. ఆ రోజు నుంచి ఆయన పంచాంగం అటక మీద ఉంది.

యామిని కోర్టులో దావా వేసింది. కంపెనీకి ముందుగా తెలియకుండా ఫ్యాక్టరీని చూసి రావడానికి కోర్టు ఒక పెద్దాయనను కమిషనరుగా వేసింది. పేరు సొంతదారుగా మా అత్త కూడా వెంట పోవచ్చని ఆర్డరు. ఒక శనివారం పొద్దున మేం కర్నూలు బయలుదేరాం. అత్త చేతిలో టిఫిన్ క్యారియరు. దారిలో తినడానికేమో అనుకున్నాను.

ఫ్యాక్టరీలో మిషన్లు తిరుగుతున్నాయి. ఒక మూల పేరు లేని కారం బస్తాలు గుట్టగా ఉన్నాయి. ఒకటి తెరిస్తే మిరపకాయ ఘాటు లేదు, రంగు మాత్రం కళ్ళు చెదిరేలా ఉంది. బ్యాడిగి కాయల బస్తా ఒక్కటంటే ఒక్కటి, ఒక చిన్న గదిలో, చిన్న మిక్సీ పక్కన కనిపించింది. మా కొరియరు పొడి తయారయ్యేది అక్కడన్నమాట. కమిషనరు అన్నీ రాసుకుంటున్నాడు, ఫోటోలు తీయిస్తున్నాడు, శాంపిళ్ళకు సీలు వేయిస్తున్నాడు. అంతలో నాగచైతన్య తన గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. ఇది కుట్ర అన్నాడు, బస్తాలు వేరే వాళ్ళవన్నాడు, సరుకులో ఏ దోషమూ లేదన్నాడు.

మా అత్త అరవలేదు. అరుస్తుందని నేను ఎదురుచూస్తున్నాను, నిజం చెప్పాలంటే. ఆమె అక్కడే బల్ల మీద క్యారియరు తెరిచింది. అన్నం ఇంకా గోరువెచ్చగానే ఉంది. తిరుగుతున్న మిషను కింద నుంచి పిడికెడు పొడి పట్టింది, అన్నంలో వేసింది, నూనె పోసి కలిపింది. చేతికంతా ఎరుపు అంటింది. ముద్ద చేసి నాగచైతన్య ముందు పట్టింది.

"దోషం లేదంటివి గదా. ఈ రోజు తొలి ముద్ద నువ్వు తిను నాయనా."

పనివాళ్ళంతా మిషన్లు ఆపి చూస్తున్నారు. నాగచైతన్య ఒక అడుగు వెనక్కి వేశాడు. "పెద్దమ్మా... ఈ రోజు శనివారం. నాకు ఒక్కపొద్దు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది వాడి వాలకం. నేను వాడి గది తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. బల్ల మీద సగం కొరికిన ఎగ్ పఫ్ ఉంది. "సార్, ఇటు రండి. ఒక్కపొద్దు ఫలహారం ఈడ ఉండాది" అని కమిషనరుని పిలిచాను. ఆయన వచ్చి చూశాడు. పెద్దాయన, నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడ్డాడు. తర్వాత రిపోర్టులో యజమానిని తన సరుకు తినమని అడగగా నిరాకరించెననీ, ఉపవాసమని చెప్పెననీ, ఆయన బల్లపై సగం తిన్న ఎగ్ పఫ్ ఉండెననీ పద్ధతిగా రాశాడు.

అత్త ఆ ముద్దను కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేసింది. అన్నం పారేయడం ఆమె జన్మలో అదే మొదలు. కొళాయి కింద చేతులు కడుక్కుంటుంటే నీళ్ళు ఎర్రగా పోతూనే ఉన్నాయి. అప్పుడు ఏడ్చింది. నేను పక్కన నిలబడి సబ్బు అందించాను, ఇంకేం చేయాలో తెలియక.

రంగు కలిపిన కేసు కంపెనీ మీద కోర్టుకు పోయింది. ప్యాకెట్టు మీద రాసింది ఒకటి, లోపల ఉన్నది ఒకటి అయినందుకు వేసే జరిమానా విచారణ మాత్రం కడప కలెక్టరేట్లో, జాయింట్ కలెక్టరు ముందు జరిగింది. ముందు రోజే యామిని నేర్పించింది. "అమ్మా, తయారీతో నాకు సంబంధం లేదని ఒక్క మాట చెప్పండి చాలు. మీరు బయటపడతారు. ఉండే అప్పులు చాలవా?"

విచారణలో అధికారి కాగితాలు చూసి అడిగాడు. చిన్న వయసువాడు, మర్యాదస్తుడు. "అమ్మా, ఈ సరుకుతో మీకు సంబంధం లేదని మీ లాయరు గారు రాశారు. అంతేనా?"

అంతే సార్ అంటే అయిపోయేది. కాఫీ తాగి ఇంటికి పోయేవాళ్ళం.

"తయారీ నాది గాదు సార్. పేరు నాది. మంచి పేరున్నన్నాళ్ళూ నాదని చెప్పి దుడ్డు తీసుకుంటి. చెడ్డ పేరు వచ్చినాక నాది గాదంటే, ఆ తీసుకున్న దుడ్డు ఎవరిది సార్? వానికి వేసేది వానికి వేయండి. నాకు వేసేది నాకు వేయండి. కడతా."

యామిని కళ్ళు మూసుకుంది. మురళి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అధికారి పెన్ను కింద పెట్టి కాసేపు మా అత్త వైపే చూశాడు. కంపెనీకి భారీగానే వేశాడు. మా అత్తకు చిన్న మొత్తం. వెంటనే కట్టేసి బయటికొచ్చింది. మెట్లు దిగుతూ యామిని "నా ఇన్నేళ్ళ ప్రాక్టీసులో నా మాట ఇంత బాగా చెడగొట్టిన క్లయింటు లేదమ్మా" అంది. కోప్పడుతోందో మెచ్చుకుంటోందో ఆమెకే తెలిసినట్టు లేదు. తర్వాత అదే మాట మాకు పనికొచ్చింది. దావాలో కంపెనీ లాయరు "ఈమె ఫోటో ఇచ్చి డబ్బు తీసుకున్న మనిషే గాని పేరు మీద పట్టింపు లేదు" అని వాదించబోతే, యామిని కలెక్టరేట్లో అత్త చెప్పింది చదివి వినిపించింది. ఎగ్ పఫ్ రిపోర్టు ఎట్లాగూ ఉంది. చివరికి కంపెనీ వాళ్ళే దిగొచ్చారు. ఒప్పందం రద్దయింది, మా మీద వేసిన నష్టం లెక్క వదులుకున్నారు, పేరు తిరిగొచ్చింది.

కడప రోడ్డు మీద సగం లేచిన కొత్త అంగడిని అమ్మి బ్యాంకుకు కట్టేశాం. ఇల్లు నిలిచింది. మురళి చాలా రోజులు ఆ రోడ్డులో పోలేదు.

అత్తకు మాత్రం పని అప్పుడే మొదలైంది. అమ్మిన సరుకు చెడితే అంగడివాళ్ళే వాపసు తీసుకోవాలి, అది మా వాళ్ళ ధర్మం. చట్టం ప్రకారం ఆ పని కంపెనీది. కంపెనీ ఆ పని ఎంత మెల్లగా చేస్తోందంటే ప్యాకెట్లు ఇంకా అంగళ్ళలో వేలాడుతూనే ఉన్నాయి. "వాడు చేసేలోపు మంది తింటారు" అని అత్త నన్ను వెంటేసుకుని బయలుదేరింది. ఆర్టీసీ బస్సుల్లో, గోనెసంచులతో. ఆళ్ళగడ్డ, అహోబిలం, మహానంది, పత్తికొండ. అంగడి ముందు నిలబడి "నేనే ఈ ప్యాకెట్టు మీది రాజ్యమ్మను, సరుకు వాపసియ్యండి, డబ్బులిస్తా" అనేది. కొందరు నోళ్ళు తెరిచారు. ఒకాయన ఫోటో, మనిషి రెండూ పక్కపక్కన పెట్టి చూసి, "ఫోటోలోనే బాగుండావమ్మా" అన్నాడు. అత్త కూడా నవ్వింది. ఆ ప్రయాణంలో ఆమె నవ్వింది ఆ ఒక్కసారే అనుకుంటాను.

ఆదోనిలో హంపమ్మ హోటల్ ఉంది. ఉగ్గాని, బజ్జీలకు పొద్దున్నే వరసలో నిలబడతారు. మా పొడి ఆమె ఏళ్ళ తరబడి వాడింది. ఆ ఫోటో ఫోన్లలో తిరిగాక గిరాకీ సగానికి పడిపోయిందట. అత్తను చూడగానే హంపమ్మ గరిట పట్టుకుని బయటికొచ్చింది.

"వచ్చినావా! నీ మొహం చూసే కదా నేను దుడ్లు పోసి కొనింది. మంది నా మీద ఉమ్మేసి పాయిరి. మీ కంపెనీకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కు అంటాది, రెండు నొక్కు అంటాది, తిట్టేకి ఒక్క మనిషి దొరకల్యా! ఇన్నాళ్ళు యాడ దాక్కున్యావు?"

ఇంకా చాలా అంది. రాసేవి కావు. నాకు ఒళ్ళు మండిపోయి నోరు తెరిచాను, అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది. తలొంచుకోలేదు, ఎదురు చెప్పలేదు. ఎండలో నిలబడి ఆఖరి తిట్టు దాకా విన్నది. హంపమ్మకు ఊపిరి అయిపోయాక, "అంతా నిజమే అక్కా. మిగిలిన ప్యాకెట్లు తే, లెక్క చేద్దాం" అంది.

హంపమ్మ లోపలికి పోయి ప్యాకెట్ల పెట్టె తెచ్చి దబ్బున పడేసింది. డబ్బులు లెక్కపెట్టుకుంది. తర్వాత "ఎండలో వచ్చినారు, కూసోండి, ఉగ్గాని తినండి" అంది. పొడి లేకుండానే పెట్టింది. రుచి తగ్గింది, అయినా కడుపునిండా తిన్నాం. బస్సెక్కేటప్పుడు హంపమ్మ వెనకాలే వచ్చి, "నువ్వు మళ్ళా దంచితే చెప్పు" అంది మా వైపు చూడకుండా.

ఈ ఉగాది దాటాక అత్త మళ్ళీ దంచడం మొదలుపెట్టింది. మా అంగట్లోనే, మా వీధి ఆడవాళ్ళే సాయం. మురళి ప్యాకెట్టు బొమ్మలు గీయించుకుని వచ్చాడు. పచ్చ రంగు, ఒక పువ్వు, "సిరి పప్పుల పొడి" అని కొత్త పేరు. ఎక్కడా రాజ్యమ్మ లేదు.

"నా ఫోటో ఏదిరా?" అంది అత్త.

మురళి నసిగాడు. "పాత పేరు చెడిపాయ గదమ్మా. లాయరమ్మ గూడా కొత్త పేరైతే మేలనింది. మంది మర్చిపోయిందాకన్నా నీ మొహం వద్దులే."

మామ కూడా అదే మంచిదన్నాడు. తెలివైన సలహానే, వ్యాపారం తెలిసిన ఎవరైనా అదే చెప్తారు. అత్త ఆ పచ్చ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. వెనక అడ్రసు దగ్గర చిన్న అక్షరాలు చదవడానికి కళ్ళు చికిలించింది. తర్వాత మడిచి మురళి జేబులో పెట్టింది.

"నా ఫోటోనే వెయ్యి. ముందుకంటే పెద్దది వెయ్యి, కింద మన అంగడి అడ్రసు వెయ్యి. రేపు తప్పు జరిగితే ఎవర్ని తిట్టాలో మందికి తెలియొద్దా?"